బడిలో బొమ్మకు చోటడిగిన ఆచార్యుడు: నందలాల్ బోసు

నందలాల్ బోసు పేరు వినగానే చాలమందికి హరిపురా కాంగ్రెసు చిత్రములు, చేతికఱ్ఱతో దండికి నడచుచున్న మహాత్ముని నలుపు తెలుపు బొమ్మ, భారత రాజ్యాంగ మూలప్రతిలోని అలంకారములు గుర్తునకు వచ్చును. ప్రభుత్వోద్యోగములలో నున్నవారికి ఈ కడపటిది మఱింత సన్నిహితము. కాని ఆయన జీవితములో దాదాపు ముప్పది యేండ్లు బొమ్మలు వ్రాయుటతోపాటు బొమ్మలు వ్రాయుట నేర్పుటకును వినియోగపడినవి. చిత్రకారులు కాగోరినవారికి నేర్పుట ఒక యెత్తు. ఎన్నడును చిత్రకారులు కాబోని సామాన్యపు బడిపిల్లలకు సయితము చిత్రకళ అక్షరమువలెనే అవసరమని నమ్మి దానికై పాటుపడుట మఱియొక యెత్తు. ఈ రెండవ దానిని లోకము తగినంతగా తలచుకొనలేదు.

1882 డిసెంబరు 3వ తేదీన నందలాల్ బీహారులోని ముంగేరు జిల్లాకు చెందిన ఖరగ్‌పూరులో జన్మించెను. తెలుగు రైల్వే కుటుంబములు తరతరములుగా కాపురమున్న వంగదేశపు ఖరగ్‌పూరు వేఱు. ఇది కొండల చెంతనున్న వేఱొక చిన్న పట్టణము. తండ్రి పూర్ణచంద్ర బోసు దర్భంగా సంస్థానమున ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి చేతిపనియందు నేర్పరి; పిల్లలకు ఆటబొమ్మలు చేసియిచ్చుచుండెడిది. నందలాల్ పిన్నవయసుననే ఆమె కన్నుమూసెను. కాని పిడికెడు మట్టి కనబడినచో దాని నుండి ఒక రూపము తీయవలెనను ఆరాటము ఆ తల్లి చేతినుండియే కొడుకున కబ్బినదనవచ్చును. ఊరిలో కుమ్మరులు సారెపై కుండలు చేయుచుండగా, ప్రతిమలు చేయువారు దుర్గాపూజకు విగ్రహములు దిద్దుచుండగా ఆ బాలుడు కదలక నిలబడి చూచెడివాడు; ఇంటికి వచ్చి తానును మట్టి పిసికి ప్రయత్నించెడివాడు. ఆయన తొలి పాఠశాల ఆ కుమ్మరివాడయే.

పదునైదేండ్ల ప్రాయమున ఆయనను చదువునకై కలకత్తా పంపిరి. సెంట్రల్ కాలేజియేట్ స్కూలులో చదివి 1902లో ప్రవేశపరీక్ష గట్టెక్కెను. 1903లో సుధీరాదేవితో వివాహమయ్యెను. అటుపిమ్మట వచ్చినది గడ్డుకాలము. కాలేజీ చదువు ఆయనకు పట్టుబడలేదు. ఉపన్యాసము సాగుచుండగా పాఠ్యపుస్తకపు అంచులలో బొమ్మలు వెలయుచుండెను. ఒకచోట తప్పి మఱియొక కాలేజీకి, అచ్చట తప్పి ఇంకొకదానికి మారుచు, 1905లో ప్రెసిడెన్సీ కాలేజీలో వాణిజ్య తరగతిలో చేరెను. జమాఖర్చులు ఆయనకు అసలే రుచింపలేదు. పెండ్లియైన మధ్యతరగతి యువకుడు ఉద్యోగమునకు దారితీయు చదువు మాని బొమ్మలు నేర్చెదనన్నచో పెద్దలు సమ్మతించుట ఏ కాలమునందైనను సులభము కాదు. ఇంక ఈ చదువు సాగదని తేలిన పిమ్మటనే వారు ఒప్పుకొనిరి. దేశమునకు అంతటి చిత్రకారుడు దక్కుట నాటి విద్యావిధానపు ఘనత కాదు; ఆ విధానమునుండి ఆయన జారిపోవుటయే దేశమునకు మేలు చేసినది.

ఆ రోజులలో బడులయందు చిత్రలేఖన మెట్లుండెడిదో ఒకింత చెప్పుకొనవలెను. ఇంగ్లీషు ప్రభుత్వము నెలకొల్పిన కళాశాలల ముఖ్యోద్దేశము నక్షాలు గీయువారిని, నేర్పుగల పనివాండ్రను తయారుచేయుట. అది పిల్లల తరగతులకు దిగివచ్చునప్పటికి మఱింత ఎండిపోయెను. ఎదుట ఒక అచ్చుబొమ్మ. దానిని గీతకు గీతగా దింపుట. ఒకనాడు చెక్కతో చేసిన ఘనము, మఱునాడు శంకువు, ఆపైన ఒక కూజా. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితము చిరుగువఱకు సాధన. కిటికీ ఆవల నున్న చింతచెట్టు గాని, దానిక్రింద నెమరువేయు గేదె గాని ఆ గంటలోనికి ప్రవేశింప నోచుకొనలేదు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో చదివిన తాతలు చెప్పిన డ్రాయింగు మాస్టరు కథలు ఇప్పటికిని కొన్ని ఇండ్లలో మిగిలియున్నవి. ఆ మాస్టరును తప్పుపట్టుట న్యాయము కాదు. ఆయనకు నేర్పినది అంతే, ఆయనను అడిగినదియు అంతే.

ఈ ధోరణిని కలకత్తాలో ఎదిరించినవాడు ఒక ఇంగ్లీషువాడే యగుట విశేషము. మద్రాసు కళాశాలలో పదేండ్లు పనిచేసి, 1896లో కలకత్తా ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడై వచ్చిన ఇ. బి. హేవెల్ ఐరోపా విగ్రహముల సున్నపు నకళ్లను తొలగించి, మొగలాయి చిత్రములను సేకరించి విద్యార్థుల కన్నుల యెదుట నుంచెను. దీనిపై విద్యార్థులే అలజడి చేసిరి, పత్రికలు ఆగ్రహించెను. మన బిడ్డలకు ఉత్తమమైన పాశ్చాత్య విద్య దక్కకుండ చేయుచున్నాడని పలువురు అనుమానించిరి. హేవెల్ వెనుకాడలేదు. 1905లో అవనీంద్రనాథ ఠాకూరు అచ్చట ఉపాధ్యక్షుడయ్యెను. ఆ యేటనే నందలాల్ తన బొమ్మలు చేతబట్టుకొని ఆయన ముందు నిలిచెను.

అవనీంద్రుని బోధ చిత్రమైనది. చేయి పట్టి దిద్దించుట ఆయనకు గిట్టదు. కథలు చెప్పును, పురాణములు చదివించును, తన బొమ్మ తాను వ్రాసికొనుచుండును. శిష్యుడు తన దారిని తానే వెదకికొనవలెను. వీరిరువురి నడుమ జరిగిన ఒక సంగతిని అవనీంద్రుడే తరువాత చెప్పుకొనెను. నందలాల్ తపస్సు చేయుచున్న ఉమను చిత్రించి గురువునకు చూపెను. అందు రంగు బహు స్వల్పము. ఇంత వెలవెలబోవు ఉమ యేమి, కొంచెము అలంకరింపుము, నుదుట చందనమైన ఉంచుము, ఒక మందారమైన పెట్టుమని గురువు సలహా యిచ్చెను. శిష్యుడు తలవంచి వెడలిపోయెను. ఆ రాత్రి అవనీంద్రునకు నిద్రపట్టలేదు. ఘోరతపస్సులో నున్న ఉమకు చందనమేల, మందారమేల? తెల్లవాఱగానే శిష్యుని యింటికి పరుగెత్తెను. నందలాల్ బొమ్మ ముందుంచుకొని కుంచె చేతబట్టి కూర్చుండియుండెను. ఆపుము, ఒక్క గీత యైన చేర్చకుమని గురువు వారించెను. మఱికొంత ఆలస్యమైనచో ఒక మంచి చిత్రము తన మాటవలన చెడిపోయెడిదని ఆయన చాలకాలము బాధపడెను. పిల్లల బొమ్మలపై పెద్దల పెన్సిలు తొందరపడి వాలరాదను నియమమునకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. నందలాల్ దానిని స్వయముగా అనుభవించి నేర్చెను.

తరువాతి కొన్ని సంవత్సరములు వేగముగా సాగెను. 1907లో ఏర్పడిన ప్రాచ్యకళా సంఘమువారి తొలి ప్రదర్శనమున ఆయన సతీ చిత్రమునకు 500 రూపాయల బహుమానము లభించినది. ఆ ధనమును ఆయన దేశాటనమునకు వెచ్చించెను. 1909-10లో సోదరి నివేదిత ప్రోత్సాహముతో అజంతాకు పోయి, లేడీ హెరింగ్‌హామ్ నడిపిన బృందముతో కలిసి గుహాచిత్రముల నకళ్లు వ్రాసెను. అజంతా గోడలు ఆయనకు రెండవ కుమ్మరివాడ యైనవనుట అతిశయోక్తి కాదు. పేరు వ్రాసికొనక, కూలి యెంతయని చరిత్రకు తెలుపక, చీమనుండి బోధిసత్త్వునివఱకు సర్వమును ఒకే శ్రద్ధతో చిత్రించిన పనివాండ్ర చేతులను ఆయన అచ్చట దర్శించెను.

రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున అయిదుగురు పిల్లలతో ఒక బడి ప్రారంభించియుండెను. 1914లో నందలాల్‌ను అచ్చటికి రప్పించి సత్కరించెను. 1919లో కళాభవనము ఏర్పడినది. అవనీంద్రునకు తన ప్రియశిష్యుని వదలుకొనుట ఇష్టము లేకపోయెను. కొంతకాలము అటునిటు ఊగిసలాట జరిగి, తుదకు నందలాల్ శాంతినికేతనమునకే చేరి 1922లో కళాభవనాధ్యక్షుడయ్యెను. 1951లో పదవీ విరమణము చేయువఱకు ఆ పని వదలలేదు. కళాభవనమువారు, బడిపిల్లలు, పనివారు అందరు ఆయనను మాస్టర్ మశాయ్ అని పిలిచెడివారు. మన మాస్టారుగారు అను పిలుపునకు అది సరియగు మాట.

తొలినాళ్ల కళాభవనమున కట్టుదిట్టమైన పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు, పట్టము లేదు. అన్నింటికంటె ముఖ్యము, దానికిని ప్రక్కనున్న పిల్లల బడికిని మధ్య గోడ లేదు. చెట్లక్రింద చదువుకొను పదేండ్ల, పండ్రెండేండ్ల పిల్లలు గంట కొట్టగానే వచ్చి పెద్దవారు బొమ్మలు వ్రాయుచుండగా చూచెడివారు. ఆ పిల్లలలో కొందఱు కళాభవనమునకే మారిరి. వినోదవిహారీ ముఖర్జీ, ధీరేంద్రకృష్ణ దేవవర్మ అట్టివారే. మారనివారును ఆ వాతావరణములోనే పెరిగిరి. పాత గ్రంథాలయపు వరండా గోడలపై, సంతోషాలయమను పిల్లల వసతిగృహపు గోడలపై మాస్టరును శిష్యులును కలిసి చిత్రములు వ్రాసిరి. జైపూరు పద్ధతి నేర్చుకొనుటకై అచ్చటినుండి నరసింగలాల్ అను పనివానిని పిలిపించి, విద్యార్థులతోపాటు తానును ఆయన చేతిక్రింద పనిచేసెను. అంతటి చిత్రకారుడు ఒక తాపీపనివాని వంటి కళాకారుని ముందు విద్యార్థిగా నిలుచుట పిల్లలు కన్నులార చూచిరి. 1930 తరువాతి దశకమున మట్టితో గోడలు పెట్టి, తారు పూసి, పైన మట్టి శిల్పములు అమర్చిన నల్లని వసతిగృహము లేచెను. దానిని నేటికిని కాలోబాడీ యందురు. ఖరీదైన వస్తువు ఒక్కటియు అందు లేదు.

నందలాల్ నిత్యవ్రతము ఒకటి గలదు. జేబులోనో సంచిలోనో చిన్న కార్డులు, సిరా, కుంచె ఉండవలెను. నడచుచు నడచుచు నిలిచి, తాటిచెట్టునో, మేకపిల్లనో, బరువు మోయు సంతాలు స్త్రీనో నాలుగు గీతలలో పట్టుకొనెడివాడు. శిష్యులకు, స్నేహితులకు, చిన్నపిల్లలకు ఉత్తరము వ్రాయుటకు బదులు ఆ కార్డులే పంపెడివాడు. అట్టివి వేలకొలది ఉండును. తోకలేని ఉడుత, గొడుగులేని వాన అని పిల్లలు ఎన్నింటిని చూచి నవ్వియుందురో ఊహించుకొనవలసినదే. ప్రకృతిని గుడ్డిగా నకలు చేయుట ఆయనకు సమ్మతము కాదు; ప్రకృతిని చూడకుండ మనసునుండి అల్లుటయు సమ్మతము కాదు. చెట్టును గీయువాడు ముందు చెట్టు ఎట్లు పెరుగునో తెలిసికొనవలెను. అది వేరునుండి పైకి పెరుగును గనుక కుంచెయు క్రిందినుండి పైకి సాగవలెనని ఆయన చెప్పెడివాడు. గీత సరిగా వచ్చుట కాదు, చెట్టుతో చెలిమి కలుగుట ముఖ్యము.

పండుగలు కూడ ఆయనకు తరగతిగదులే. శాంతినికేతనమున చెట్లు నాటు ఉత్సవము, శ్రీనికేతనమున నాగలి పట్టు ఉత్సవము, వసంతోత్సవము, వర్షోత్సవము వచ్చినప్పుడెల్ల వేదికయు, వస్త్రములును, నేలపై అల్పనయు కళాభవనమువారు సిద్ధము చేయవలెను. అల్పన యనునది మన ముగ్గునకు అక్కచెల్లెలు. అక్కడ పిండిని నీట కలిపి వ్రేళ్లతో వ్రాయుదురు, ఇక్కడ పొడిపిండితో చుక్కలు పెట్టి కలుపుదురు. దానిని నేర్పుటకు సుకుమారీదేవి యను గృహిణిని ఉపాధ్యాయినిగా నియమించిరి. ఇంటి ముంగిట ఆడవారు పొద్దున వ్రాసి, సాయంకాలమునకు త్రొక్కుడుపడి పోవు పనికి ఒక కళాశాలలో ఆచార్యపీఠము దక్కుట ఆ కాలమునకు క్రొత్త. తెలుగు ముంగిళ్లలో తల్లులు తెల్లవాఱుజామున చేయు పని కూడ చిత్రకళయే యని మన బడులు గుర్తించుటకు చాలకాలము పట్టినది; గుర్తించినవో లేదో నేటికిని సందేహమే.

1930లో రవీంద్రుడు పిల్లలకై సహజపాఠమను వాచకము ప్రకటించెను. దానికి నందలాల్ లినోలియపు దిమ్మెలు చెక్కి నల్లని బొమ్మలు అచ్చొత్తించెను. పాపాయి చదువు మొదలుపెట్టు పుస్తకము గదా, ఏదో ఒక బొమ్మ చాలునని ఆయన అనుకొనలేదు. అక్షరమునకు ఎంత గాంభీర్యమో బొమ్మకు అంత గాంభీర్యము. వంగదేశమున లక్షలాది పిల్లలు అక్షరములతోపాటు ఆ బొమ్మలతోను కన్ను తెఱచిరి. అదే సంవత్సరము దండియాత్ర చేయు గాంధీజీ బొమ్మను ఆయన ఆ లినో పద్ధతిలోనే చెక్కెను. దేశమెఱిగిన ఆ చిత్రమును, శిశువుల వాచకపు చిత్రములను ఒకే చేయి, ఒకే పనిముట్టుతో, ఒకే యేట చేసినదను సంగతి తలచుకొనదగినది.

విద్యలో కళకు గల స్థానమును గూర్చి ఆయన వంగభాషలో వ్రాసిన వ్యాసము కొలది పుటలదే గాని అందు దెబ్బవలె తగులు ఒక పోలిక కలదు. నిరుపేద సంతాలువాడు తన మట్టియింటిని అలికి, ఉన్న నాలుగు పాత్రలను, చిరిగిన బట్టలను తీరుగా అమర్చుకొనును. పెద్ద మేడలోని వసతిగృహమున నుండు కాలేజీ విద్యార్థి తన గదిని చిందరవందరగా వదలును. మొదటివానికి సౌందర్యము బ్రతుకులో భాగము. రెండవవానికి అది డబ్బున్నవారి విలాసము. విద్య అబ్బినవానికి కన్ను చెడినదన్నమాట. దీనికి కారణము విశ్వవిద్యాలయములు కళను చదువులో చేర్చకపోవుటయే యని ఆయన నిర్ధారణ. ఎల్లరు చిత్రకారులు కానక్కఱలేదు. గణితము చదివినవారెల్లరు గణితశాస్త్రజ్ఞు లగుట లేదు గదా. చూచుట తెలియనివానికి లోకజ్ఞానములో ఒక పెద్ద భాగము అందకుండ పోవునన్నదే ఆయన వాదము.

ఆయన సూచించిన ఉపాయములు వింతైనవి కావు. తరగతిగదులలో, గ్రంథాలయములో, వసతిగృహములో మంచి చిత్రముల నకళ్లైనను తగిలింపుడు. పిల్లలకు అర్థమగు భాషలో కళనుగూర్చి బొమ్మల పుస్తకములు వ్రాయింపుడు. తెలిసిన ఉపాధ్యాయుని వెంట మ్యూజియములకు, పాత గుడులకు తీసికొనిపొండు. ఋతువు మాఱినప్పుడు పిల్లలను బయటికి పిలిచి ఆ మార్పును చూపుడు. శరత్తులో వరిచేను, వసంతములో మోదుగపూలు చూచుటకు సెలవు ఇండు. ఏటికొక పర్యాయము ప్రదర్శనము జరిపి, ప్రతి విద్యార్థియు తన చేతితో చేసినది ఏదో ఒకటి అందుంచునట్లు చేయుడు, అది యెంత సామాన్యమైనదైనను సరే. ఇందు ఏదియు ధనవంతుల బడికే సాధ్యమైనది కాదు. ఏదియు ఒక డ్రాయింగు మాస్టరునకే అప్పగించి తక్కినవారు చేతులు కడుగుకొనుటకును వీలుగా లేదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఆయన చేతిలో పెరిగిన వారిలో ఇద్దఱిని గూర్చి చెప్పక తీఱదు. వినోదవిహారికి పుట్టుకతోనే చూపు మందము. ఒక కన్ను దాదాపు పనిచేయదు. అట్టివానిని చిత్రకళకు చేర్చుకొనుట ఉచితమా యని మాస్టరు మొదట సంశయించెను. బాలుడు శ్రద్ధగా కూర్చుండి పనిచేయుచున్నచో అతని భవిష్యత్తునుగూర్చి మనము చింతింప నక్కఱలేదని రవీంద్రుడు అభిప్రాయపడెను. నందలాల్ తన సంశయమును వదలి ఆ బాలుని తీర్చిదిద్దెను. అతడు 1946-47లో హిందీభవనపు గోడలపై మధ్యయుగపు సాధుసంతుల మహాచిత్రము రచించెను; దేశములోని గొప్ప కుడ్యచిత్రములలో అది యొకటి. 1950 తరువాతి దశకమున అతనికి చూపు పూర్తిగా పోయెను. పోయిన పిమ్మటను అతడు కాగితములు కత్తిరించి, మైనము మలచి, పలకలతో గోడబొమ్మ కూర్చెను. కన్నులు లేకున్నను కన్ను మిగిలెను.

రెండవవాడు రామకింకర్ బైజ్. బాంకురాలోని మంగలి కుటుంబపు బిడ్డ. రామానంద చటర్జీ చొరవతో 1925లో శాంతినికేతనము చేరెను. తెచ్చిన బొమ్మలు చూచి, ఇతనికి నేర్పవలసినది పెద్దగా లేదని మాస్టరు గ్రహించెను. ఐనను ఉంచుకొనెను. రామకింకరుడు సిమెంటును కంకరను కలిపి ఆరుబయట భారీ శిల్పములు లేపెను, తైలవర్ణములు పట్టెను. ఇవి నందలాల్ దారి కావు. తైలవర్ణములపై ఆయనకు మనసు లేదు. ఇష్టము లేదని చెప్పగలిగియు ఆయన శిష్యుని అడ్డగింపలేదు. ఉమాచిత్రపు పాఠము ఇచ్చట గుర్తునకు వచ్చుచున్నది. సత్యజిత్ రాయ్ 1940లోను, కె. జి. సుబ్రహ్మణ్యన్ 1944లోను వచ్చి చేరిరి. సుబ్రహ్మణ్యన్ అర్థశాస్త్ర విద్యార్థి. క్విట్ ఇండియా ఉద్యమమున జైలుకు పోయి ప్రభుత్వ కాలేజీలకు దూరమైనవాడు. ఆయనయు తరువాత గొప్ప చిత్రకారుడు, ఆచార్యుడు, పిల్లలకు ఆటబొమ్మలు చేసినవాడు అయ్యెను.

గాంధీజీ పిలుపు నందలాల్ భావములకు పెద్ద పరీక్ష. 1936లో లక్నో కాంగ్రెసునకు కళాప్రదర్శనము, అదే యేటి చివర ఫైజ్‌పూరు అను పల్లెలో జరిగిన కాంగ్రెసునకు నగర నిర్మాణము, 1938 ఫిబ్రవరిలో హరిపురా అలంకరణము ఆయనకు అప్పగింపబడెను. పల్లెటూరి వస్తువులతో, పల్లెటూరివారి చేతులతో, తక్కువ ఖర్చుతో జరుగవలెనని నియమము. వెదురు, గడ్డి, తట్టలు, కుండలు చాలునని ఆయన చూపెను. హరిపురాకై తాను ఎనుబదికి పైగా బొమ్మలు వ్రాసెను. శిష్యులు వానిని నకళ్లుగా పెంచి నాలుగువందల వఱకు సిద్ధము చేసిరి. డోలు వాయించువాడు, చెప్పులు కుట్టువాడు, వడ్రంగి, కుస్తీపట్టువాడు, బిడ్డకు పాలిచ్చు తల్లి. మట్టిరంగులు, ముతక కాగితము. సమావేశమునకు వచ్చిన లక్షలాది రైతులు తమ్ము తామే ఆ బొమ్మలలో చూచికొనిరి. బడిలో రంగులకు డబ్బు లేదు, కాగితము లేదు అను సాకునకు హరిపురా ఇచ్చిన జవాబు ఇంకను పాతబడలేదు.

1937 అక్టోబరులో వార్ధాలో విద్యాసమావేశము జరిగెను. జాకిర్ హుస్సేను సంఘము సిద్ధపఱచిన ఏడేండ్ల ప్రాథమిక విద్యా ప్రణాళికలో చేతిపని, మాతృభాష, గణితములతో పాటు చిత్రలేఖనమునకును చోటు దొరికెను. నందలాల్ శిష్యుడు దేవీప్రసాద్ 1944లో సేవాగ్రామము చేరి, అచ్చటి బడిలో పల్లెపిల్లలకు బొమ్మలు నేర్పుచు దాదాపు ఇరువది యేండ్లు గడపెను. ఆ అనుభవమును గ్రంథముగా వ్రాసెను. నూలు వడకు పిల్లలు మధ్యాహ్నము కుంచె పట్టుకొని తాము చూచిన ఎద్దులబండిని, బావిని, సంతను వ్రాయుట ఆ బడిలో నిత్యకృత్యమయ్యెను. గురువు వ్యాసములో వ్రాసినదానిని శిష్యుడు మట్టినేలపై చేసి చూపెనన్నమాట.

ఆంధ్రదేశమునకును ఈ గాలి తగులకపోలేదు. 1910లో కోపల్లె హనుమంతరావు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలకు వంగచిత్రకారుడు ప్రమోదకుమార చటోపాధ్యాయ ఆచార్యుడై వచ్చెను. అడివి బాపిరాజు ఆయనవద్ద నేర్చెను. రాజమహేంద్రవరమున ఆస్వాల్డ్ కూల్డ్రే యను కాలేజీ అధ్యక్షుడు దామెర్ల రామారావులోని చిత్రకారుని బాల్యమునందే కనిపెట్టి ప్రోత్సహించెను. రామారావు 1925లో ఇరువదియెనిమిదవ యేట గతించుట తెలుగువారి దురదృష్టము. ఆయన బ్రతికియుండినచో గోదావరి ఒడ్డున ఒక కళాభవనము వెలసెడిదేమో. హేవెల్ నందలాల్‌కు మార్గము తెఱచినట్లు, కూల్డ్రే రామారావునకు తెఱచెను. ఇద్దఱును బడిలో పిల్లవాని బొమ్మను చూచి ఆగిన ఉపాధ్యాయులు.

స్వాతంత్ర్యము వచ్చెను. రాజ్యాంగ మూలప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయజాదా చేతివ్రాతలో వ్రాయగా, దాని పుటలను అలంకరించు భారము నందలాల్‌పై బడెను. మొహెంజొదారో వృషభమునుండి స్వాతంత్ర్య సమరమువఱకు దేశచరిత్రను ఇరువదిరెండు భాగముల శిరస్సులపై ఆయనయు శిష్యులును చిత్రించిరి. పీఠికాపుటను వ్యవహార్ రామ్‌మనోహర్ సిన్హా అలంకరించెను. దేశపు ప్రధానశాసనమునకు బొమ్మ అక్కఱలేని ఆభరణమని ఎవరును అనుకొనలేదు. 1954లో ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదము నిచ్చెను.

బడులయందు మాత్రము సంగతి వేఱు. 1952-53 నాటి ముదలియార్ సంఘము మాధ్యమిక తరగతుల ప్రణాళికలో చిత్రకళను, సంగీతమును చేర్చెను. 1964-66 నాటి కొఠారీ సంఘము కళావిద్య అశ్రద్ధకు గురియగుచున్నదని గుర్తించెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక పదవ తరగతివఱకు కళలు తప్పనిసరి కావలెనని కోరెను. ఒకే మాటను అర్ధశతాబ్దమున మూడుమాఱులు చెప్పవలసివచ్చినదనిన అది ఎట్లు అమలైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు. పరీక్షలు సమీపింపగానే బొమ్మల గంటను లెక్కలు మ్రింగుట తల్లిదండ్రు లెఱుగనిది కాదు. పలుమాఱు వారు కోరినదే. పరీక్ష పెట్టనిచో దానిని ఎవరును లెక్కచేయరు. పరీక్ష పెట్టినచో అది తిరిగి శంకువు, కూజాల కాలమునకు పోవును. ఈ ముడి నందలాల్ కూడ విప్పలేదు. పరీక్షలు లేని కళాభవనమున ఆయనకు ఆ అవసరము రాలేదు. శాంతినికేతనము వంటి చోటును, అట్టి మాస్టరును ముందుగనే ఉన్నవని అనుకొని చేసిన ఆలోచన అది. అద్దెయింటిలో, అరువదిమంది పిల్లలతో నడచు బడికి దానిని ఎట్లు తీసికొనిపోవలెనన్నది తరువాతివారి పనియై మిగిలెను.

చివరి సంవత్సరములలో ఆయన పెద్ద చిత్రములు మానెను. చిన్న కాగితములపై సిరాతో చెట్లు, కొండలు, నీరు వ్రాయుచుండెను; రంగులు ఒకటొకటిగ తొలగి నలుపు మిగిలెను. కార్డులు పంపుట మాత్రము మానలేదు. 1966 ఏప్రిలు 16వ తేదీన ఆయన మరణించెను. 1976లో ప్రభుత్వము ఆయన చిత్రములను జాతీయ కళానిధులుగా ప్రకటించినది.

శాంతినికేతనమున ఏటేట ఆయన జన్మదినమునకు ముందు, డిసెంబరు 1, 2 తేదీలలో, నందనమేళా అను సంత జరుగును. కళాభవన విద్యార్థులును ఉపాధ్యాయులును తమ చేతులతో చేసిన మట్టిబొమ్మలు, నగలు, కార్డులు, దినసూచికలు చెట్లక్రింద పఱచి అమ్ముదురు. వచ్చిన సొమ్ము ఆపదలోనున్న విద్యార్థుల సహాయనిధికి చేరును. బొమ్మల చుట్టును అన్నిటికంటె ముందు గుమిగూడువారు ప్రక్కబడి పిల్లలు.